అద్దమ్మ ఊడ్చిన నేల

మా పెద్దమ్మ ఊడ్చిన నేల మీద చీమ నడిచినా జాడ కనబడేది. గొప్ప కోసం చెబుతున్న మాట కాదిది, విసుగెత్తి చెబుతున్న మాట. ఆవిడ చీపురు పట్టిందంటే ఇంట్లో ఉన్నవాళ్ళందరూ కాళ్ళు మంచం మీదకు ఎత్తుకోవాలి. తాగుతున్న టీ కప్పు కింద పెడితే ఆ కప్పుకి, దాన్ని పెట్టిన మనిషికి కలిపి తిట్లు. జామాయిల్ తోటలో ఆవిడ మేస్త్రి. ఆవిడ కింద ఊడ్చే పనీ కలుపు పనీ చేసే ఆడవాళ్ళకి "నేల అద్దంలా ఉండాలమ్మా, అద్దంలా" అని రోజంతా చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరేది. వాళ్ళు ఊరుకుంటారా, ఆవిడకి అద్దమ్మ అని పేరు పెట్టేశారు. ఆ పేరు వినబడితే ఆవిడకి కోపం రాకపోగా నడుం ఇంకాస్త నిటారుగా అయ్యేది.

జామాయిల్ అంటే కలప కోసం వరసల్లో వేసే చెట్టు. యూకలిప్టస్ అని పుస్తకాల్లో రాస్తారు. తెల్లటి మొదళ్ళు, చర్మం ఊడినట్టు వేలాడే బెరడు, కొడవళ్ళలా వంగిన పొడుగాటి ఆకులు. ఎండ ముదిరితే తోటంతా జలుబు మందు వాసన వేస్తుంది. ఆ తోట అంచున పనివాళ్ళకి కట్టిన రేకుల ఇళ్ళ వరస ఉంది. అందులో ఆఖరి ఇల్లు మాది. మా వెనక గది కిటికీ తెరిస్తే ఎదురుగా ఇక తోటే.

మేం ఆ ఇంట్లో ఉండటానికి కారణం మా అమ్మ ఊపిరి. అమ్మకి ఉబ్బసం. అది మామూలు రోజుల్లో అమ్మ జోలికి రాదు. వయ్యారిభామ మొక్క పూసినప్పుడు మాత్రం పీక పట్టుకుంటుంది. ఆ మొక్కకి ఆ పేరు పెట్టినవాడెవడో గానీ వాడికి ఉబ్బసం ఉండి ఉండదు. క్యారెట్ ఆకులాంటి ఆకు, ఆవగింజంత తెల్లపూలు, చూడటానికి అమాయకంగా ఉంటుంది. పట్నంలో మేం ఉన్న వీధిలో ఖాళీ జాగాల్లో, కాలవ గట్ల మీద, గోడ పగుళ్ళలో కూడా అదే. అది పూసే కాలమంతా అమ్మ మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ పరుపుకి ఆనించి, భుజాలు చెవుల దాకా ఎత్తి, ఒక్కో ఊపిరినీ బావిలోంచి తోడినట్టు లాగేది. నాన్న అప్పటికే లేడు. నేను బడి పిల్లని. పక్క గదిలో దుప్పటి కప్పుకుని ఆ చప్పుడు వింటూ పడుకునేదాన్ని.

పెద్దమ్మ ఒకసారి చూడటానికి వచ్చింది. ఆవిడకి పిల్లల్లేరు. పెదనాన్న పోయి కొంతకాలమైంది. తల్లి చిన్నప్పుడే పోతే మా అమ్మని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆ రోజు అమ్మ కూర్చున్న తీరు చూసి, చేతిసంచి కూడా కింద పెట్టకుండా, "సామాన్లు సర్దవే. తోటలో ఆ పాడు మొక్క ఒక్కటి కూడా లేదు. నేను రోజూ చూస్తున్న నేలే కదా," అంది. అమ్మ ఏదో చెప్పబోయింది. చెప్పడానికి ఊపిరి లేదు. అలా మా కాపురం రేకుల ఇంటికి మారింది.

పెద్దమ్మ చెప్పింది నిజమే. తోటలో వయ్యారిభామ లేదు. ఆ మాటకొస్తే గడ్డి కూడా అంతంత మాత్రమే. జామాయిల్ తన కింద దేన్నీ బతకనివ్వదని, నీళ్ళన్నీ తాగేస్తుందని, పాడు చెట్లని అందరూ తిట్టేవాళ్ళు. అమ్మ ఒక్కతే తిట్టేది కాదు. పీల్చే మందు అలమారలో దుమ్ము పట్టింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని బట్టలు కుట్టింది, గోడవారన చిక్కుడు పాదులు పెట్టింది, నన్ను తిట్టడానికి కూడా ఊపిరి సంపాదించుకుంది. నేను చదువు ముగించి పట్నంలో మందుల షాపులో పనికి చేరాను.

ఆ ఎండాకాలం తోట అవతలి వైపు నిప్పంటుకుంది. ఎవరో కాల్చి పారేసిన సిగరెట్టు వల్ల అన్నారు. మంటలు మా వైపు రాలేదు గానీ పొగ వచ్చింది. అమ్మ ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని రోజంతా తలుపులేసుకుని కూర్చుంది. పెద్దమ్మ ఆ తలుపు బయటే కూర్చుంది. మర్నాడు మేనేజరు వచ్చి, "ఇళ్ళ గోడల పక్కన బారెడు మేర ఎండుటాకులు తీయించండి, చాలు," అని చెప్పి వెళ్ళాడు.

బారెడుతో ఆగితే అద్దమ్మ ఎలా అవుతుంది? ఆ పొగ చెల్లెలి దాకా మళ్ళీ రాకూడదని మా ఇళ్ళ వెనకున్న తోట ముక్కంతా ఊడిపించింది. చీపుళ్ళు, ఇనప పళ్ళ కర్రలు, చివరికి చేతులు. ఏళ్ళ తరబడి పొరలుగా పడి, అడుగున నల్లగా మాగిపోయిన ఆకుని కూడా గీకి, ఎర్రమట్టి తేలేదాకా వదల్లేదు. ఆకంతా తీసుకెళ్ళి పాత మోటారు షెడ్డు వెనక గుట్ట పోయించింది. కూలీ ఆడవాళ్ళకి తల ప్రాణం తోకకొచ్చింది. వాళ్ళలో ఒకామె ఉంది, నోరు మూతపడదు, అందరూ కబుర్ల పెట్టె అంటారు. "అద్దమ్మా, ఇంకా గీకితే కింద నీళ్ళు పడతాయి," అందామె. పెద్దమ్మ నవ్వలేదు. పైఅధికారులు వచ్చి చూసి మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం ఆవిడ అమ్మని చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకొచ్చి, "చూసుకో. నిప్పు పడ్డా అంటుకోడానికి ఏమీ లేదు," అంది. ఆవిడ మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక ఉదయం అమ్మ కిటికీ తెరిచి, "అక్కా, ఇలా రా. ఎంత పచ్చగా ఉందో చూడు," అని పిలిచింది. పెద్దమ్మ టీ కప్పుతో వచ్చింది. చెట్ల వరసల మధ్య నేలంతా లేతపచ్చగా ఉంది. ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. తర్వాత కప్పు కింద పెట్టింది. ఎక్కడ పెట్టిందో కూడా చూసుకోలేదు. బయటికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక మొలక పీకి అరచేతిలో పెట్టుకుంది. క్యారెట్ ఆకులాంటి ఆకు.

"అదేనా?" అని కిటికీలోంచి అడిగింది అమ్మ.

"ఏదో పిచ్చిమొక్క. నువ్వు లోపలికి పో," అంది పెద్దమ్మ. ఆవిడకి అబద్ధం ఆడటం రాదు. వీపు తిప్పుకుని ఆడింది.

పూత పట్టేలోపు దాన్ని తీసేయాలి. ఆకు దశలో అది అమ్మని ఏమీ చేయదు, పూసిందంటే పుప్పొడి గాల్లోకి లేస్తుంది, మా కిటికీకి అది ఎంతో దూరంలో లేదు. మొదటి రోజు కూలీలందరూ కలిసి పీకారు. రెండో రోజు మేనేజరు వాళ్ళని వేరే పనికి పంపేశాడు. అప్పట్నుంచి పెద్దమ్మ ఒక్కతే, పనికి ముందు, పని తర్వాత, మధ్యాహ్నం తినే వేళలో కూడా. పీకిన చోట వాన పడేది. వాన పడ్డ చోట అంతకు రెట్టింపు లేచేది. మట్టి కదిలినకొద్దీ ఎన్నేళ్ళనుంచి పడుకున్న గింజలో పైకి వచ్చేవి. నేను షాపునుంచి వచ్చేసరికి ఆవిడ వంగిన నడుం కనబడేది. నేను కూడా దిగి పీకేదాన్ని. 

ఒకరోజు ఆవిడ అన్నం చెంచాతో తినడం గమనించాను. చెయ్యి చూపించమంటే కొంగులో దాచుకుంది. బలవంతంగా లాగి చూశాను. వేళ్ళ మధ్య చర్మం ఎర్రగా పొంగి, పగిలి, రసి కారుతోంది. ఆ మొక్క రసం చర్మానికి పడదని నాకు తెలుసు. షాపులో రోజూ అలాంటి చేతులకి పూతమందు ఇస్తూనే ఉంటాను. ఆవిడకీ తెచ్చిచ్చాను, గ్లౌజులు కూడా తెచ్చాను.

"గ్లౌజు తొడుక్కుంటే కాడ తెగి వేరు లోపలే ఉండిపోతుందే. ఈ మందు రాసుకుంటే పట్టు జారిపోతుంది. పూత అయ్యాక రాసుకుంటాలే," అంది.

"పూత అయ్యాక నీకు చేతులుండవు పెద్దమ్మా."

"చేతులెందుకే, ఊడవడానికేగా. నువ్వున్నావుగా."

మేనేజరు వచ్చి ఆ పచ్చదనం చూసి మొహం చిట్లించాడు. మొండిమనిషి గానీ చెడ్డవాడు కాదు. "మీ ఒక్కరితో అయ్యే పని కాదమ్మా ఇది. వచ్చే సోమవారం కలుపు మందు కొట్టిస్తాను," అన్నాడు.

పెద్దమ్మ ఒంటికాలి మీద లేచింది. పట్నంలో ఉండగా ఒకసారి పక్క జాగాలో ఆ మందు కొడితే, దాని ఘాటుకి అమ్మని ఆసుపత్రికి మోసుకెళ్ళాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పింది.

"అయితే ఆ నాలుగు రోజులూ ఆవిడని ఇంకెక్కడికైనా పంపండి."

"ఎక్కడికి పంపమంటారు? ఊరంతా ఈ మొక్కే కదండీ."

ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. సోమవారం మాత్రం మారలేదు.

మర్నాడు మట్టి డాక్టరమ్మ వచ్చింది. అప్పుడప్పుడు జీపులో వచ్చి తోట మట్టిని సంచుల్లో నింపుకెళ్ళే పరిశోధకురాలు. అసలు పేరు ఎవరికీ పట్టలేదు. ఆమె మా వెనక నేల చివర, ఊడ్చిన ముక్కకీ ఊడవని ముక్కకీ మధ్య నిలబడిపోయింది. ఇటు పక్క పచ్చగా మొక్కే మొక్క. అటు పక్క గోధుమరంగు ఆకుల పొర, ఒక్క మొలక లేదు. ఎవరో తాడు పట్టుకుని గీత గీసినట్టుంది. అన్నాళ్ళుగా మోకాళ్ళ మీద కూర్చుని పీకుతున్న మాకు అది కళ్ళబడలేదు. మా కళ్ళెప్పుడూ చేతి కిందే ఉన్నాయి.

"ఇక్కడ ఆకులెవరు తీశారు?" అని అడిగిందామె.

"నేనే. ఒక్క ఆకు లేకుండా," అంది పెద్దమ్మ. ఆ గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది.

డాక్టరమ్మ కింద కూర్చుని రెండు వైపుల మట్టినీ వేళ్ళతో నలిపి వాసన చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. జామాయిల్ ఆకులో ఘాటైన నూనె, ఇంకా కొన్ని పదార్థాలు ఉంటాయి. రాలిన ఆకు మీద వాన పడితే అవి నీళ్ళలో దిగి మట్టిలోకి ఇంకుతాయి. చిన్నగింజల్ని మొలకెత్తనివ్వవు. మొలకెత్తినా వేరు సాగనివ్వవు. చెట్టు తన కింద ఇంకొకరికి చోటివ్వకుండా చేసుకునే ఏర్పాటు అది.

"అంతా ఆకు మహిమేనని నేను చెప్పను. నీడ ఉంది, చెట్టు తాగేసే నీళ్ళున్నాయి. కానీ ఈ గింజలు ఇక్కడ ఎప్పట్నుంచో ఉన్నట్టున్నాయి. వీటిని లేవనివ్వకుండా ఏదో పట్టి ఉంచింది."

పెద్దమ్మ రెండు వైపుల నేలనీ మార్చి మార్చి చూసింది. "అంటే నేను ఊడవకపోతే ఇది మొలిచేది కాదంటారా?" అంది.

డాక్టరమ్మ ఆవిడ మొహం చూసింది, చేతులు చూసింది.  "ఇప్పుడే కచ్చితంగా చెప్పలేనమ్మా. చిన్న పరీక్ష చేసి చూద్దాం," అంది. మా ఇంట్లోంచే రెండు సాసర్లు అడిగి తీసుకుని, తడిదూది పరిచి, తన సంచిలో ఉన్న ఈ మొక్క గింజలు చల్లింది. ఒకదానికి మామూలు నీళ్ళు, రెండోదానికి జామాయిల్ ఆకు నానబెట్టిన నీళ్ళు పోస్తూ ఉండమని చెప్పి నాకిచ్చింది. మళ్ళీ వారం వస్తానని వెళ్ళిపోయింది.

జీపు మలుపు తిరిగాక పెద్దమ్మ నోరు విప్పింది. "చెత్త చెత్తే. చెత్త కాపలా కాస్తుందంట. నేను పుట్టినప్పట్నుంచీ ఊడుస్తున్నాను, ఇది నాకు తెలియదా?" అని మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ రోజు ఆవిడ మొక్కల్ని పీకిన తీరులో పగ ఉంది.

సాసర్లు అమ్మ గదిలో కిటికీ గట్టు మీద పెట్టాను. నీళ్ళు పోసే పని అమ్మది. శనివారం సాయంత్రం నేను వచ్చేసరికి గట్టు ఖాళీగా ఉంది.

"సాసర్లేవమ్మా?"

"జారిపడి పగిలిపోయాయే. అక్కకి కూడా చెప్పాను."

పగిలి ఉంటే ముక్కలు ఎక్కడో ఉండాలి. ఇంట్లో చెత్తబుట్టలో ముక్కల్లేవు. ఆదివారం ఉదయం పెద్దమ్మ పీకడానికి వెళ్ళాక తెర ఎత్తి చూశాను. గట్టు మూలన, తెర మడతల్లో, బయటికీ లోపలికీ కనబడకుండా రెండూ భద్రంగా ఉన్నాయి. మామూలు నీళ్ళ సాసర్లో దూది కనబడకుండా పచ్చటి మొలకలు. రెండోదాన్లో తడిసిన దూది మీద గింజలు చల్లినవి చల్లినట్టే ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది దాచావా? ఇక్కడ నీ ప్రాణం మీదికి వస్తుంటే?"

"నెమ్మదిగా మాట్లాడు," అంది అమ్మ. "ఆ పొగ నాకు తగలకూడదని ఊడ్చిందే తను. ఊడవడం వల్లే నాకు ఈ ముప్పు వచ్చిందని తెలిస్తే ఎలా ఉంటుంది దానికి? నన్ను చంకలోంచి దించకుండా పెంచిన మనిషి. అది నేను చూడలేను."

"చూడలేకపోతే కళ్ళు మూసుకో. నీకు ఊపిరి ఆగిపోతే ఆవిడకి ఎలా ఉంటుంది?"

"పీకేస్తుందిలే. సగం పీకేసింది కదా."

అమ్మ నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు. అంత మెత్తటి మనిషిలో అంత మొండితనం ఎక్కడ దాక్కుందో నాకు అర్థం కాలేదు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు. పెద్దమ్మ భోజనానికి రాగానే సాసర్లు ముందు పెట్టి చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. తెల్లవారితే సోమవారం.

ఆవిడ మధ్యాహ్నం వచ్చింది. అవతలి మూలన మొక్కలు అప్పటికే పూశాయి. అది చూసి కంగారుగా వాటి మీదే పడి, చేతులతో ఒడిలో నింపుకుని, గోతిలో పాతిపెట్టి వచ్చింది. రావడం రావడమే అమ్మ గదిలోకి వెళ్ళింది.

"ఆ మూలంతా అయిపోయింది చెల్లీ. ఇంకేం భయం లేదు," అంటూ అమ్మ తల నిమిరి, జారిన దిండు సర్ది, కొంగుతో అమ్మ నుదుటి చెమట తుడిచింది.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ కొంగు మీద తెల్లటి పొట్టు కనబడింది. అది పూల పొట్టని నాకు తెలిసేలోపే అమ్మ గొంతులోంచి ఆ పాత ఈల వినబడింది.

"బయటికి పో పెద్దమ్మా. అమ్మని ముట్టుకోకు. పో."

ఆవిడతో నేను ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆవిడ నన్ను చూసింది, తన కొంగు చూసుకుంది. రెండు చేతులూ దేనికీ తగలకుండా గాల్లో పెట్టుకుని, వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటింది.

అమ్మ భుజాలు చెవుల దాకా లేచాయి. పీల్చే మందు పట్టించాను. మళ్ళీ పట్టించాను. ఈల ఆగలేదు. కబుర్ల పెట్టెని కేకేసి తోట ఆఫీసులో ఉండే కాంపౌండర్ని, మందు ఆవిరి పట్టే మిషన్నీ తెమ్మన్నాను. ఆమె మొదటిసారి మారుమాట్లాడకుండా పరిగెత్తింది. అమ్మ మొహం, మెడ, చేతులు తడిగుడ్డతో తుడిచి, చీర మార్చి, దిండు తీసి అవతల పారేశాను. పెదవుల రంగు మారుతోంది.   అమ్మ పోతుందనే అనుకున్నాను.

కాంపౌండరు వచ్చి మాస్కు తగిలించాడు. మిషను మోగడం మొదలుపెట్టింది. అప్పుడు కిటికీ వైపు చూశాను. పెద్దమ్మ బయట ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రాకూడదు, దూరంగా పోనూ లేదు. "తీసుకో చెల్లీ, ఊపిరి తీసుకో," అంటోంది. తెర అడ్డొస్తుంటే ఊచల్లోంచి ఒక వేలు పెట్టి పక్కకి జరిపింది.

సాసర్లు ఆవిడ మొహానికి ఎదురుగా ఉన్నాయి.

ఆవిడ వాటిని చూడటం నేను చూశాను. ముందు పచ్చగా ఉన్న సాసరు, తర్వాత ఖాళీగా ఉన్న సాసరు. ఎవరూ ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. తర్వాత ఆవిడ చెల్లెలి వైపు చూసింది. అమ్మ మాస్కు వెనకనుంచి అక్కని చూస్తూ తల అడ్డంగా ఊపింది, కాదు కాదు అన్నట్టు. ఊపిరాడని మనిషి, ఆ ఉన్న కాస్త ఊపిరీ దానికి ఖర్చు పెట్టింది. పెద్దమ్మ తెర వదిలేసింది. కిటికీలో మనిషి లేదు.

పొద్దు వాలే వేళకి అమ్మ ఊపిరి కుదుటపడింది. కాంపౌండరు మిషను కట్టేశాడు. ఆ నిశ్శబ్దంలో బయట ఎండుటాకుల గలగల వినబడింది. వెళ్ళి చూశాను. పెద్దమ్మ కుళాయి కింద కట్టుబట్టలతోనే నిలబడి తడిసినట్టుంది, చీర నీళ్ళు కారుతోంది. మోటారు షెడ్డు వెనక గుట్టలోంచి పాత టార్పాలిన్‌లో ఆకు మూట కట్టి ఈడ్చుకొస్తోంది. మా కిటికీ ఎదురుగా ఉన్న మొక్కల్లో పూసినవన్నీ పీకి గోతిలో వేసేసింది. ఆ నేల మీద ఆకు గుమ్మరించి చేతులతో పరుస్తోంది.

ఇళ్ళ వరసంతా బయటికొచ్చి ముక్కున వేలేసుకుని చూస్తోంది. కబుర్ల పెట్టెకి మళ్ళీ నోరు వచ్చింది. "ఏంటి అద్దమ్మా ఇది? గీకి గీకి ఊడిపించావు, మళ్ళీ చెత్త తెచ్చి పోస్తున్నావు. ఎండ దెబ్బ తగిలిందా?"

పెద్దమ్మ నడుం ఎత్తింది. "ఊడిపించి తప్పు చేశాను," అంది అందరికీ వినబడేలా. "ఈ ఆకే దాన్ని ఆపింది. నేను తీసేశాను. నా చెల్లెలికి నేనే తెచ్చిపెట్టాను."

నాకు తెలిసినంతలో ఆవిడ అంతకు ముందెన్నడూ తప్పు చేశానని ఎవరి ముందూ అనలేదు.  కబుర్ల పెట్టె వెళ్ళి టార్పాలిన్ రెండో కొస పట్టుకుంది. ఆమె వెనక మిగిలినవాళ్ళు కదిలారు.

సోమవారం మేనేజరు వచ్చేసరికి వీపున మందు డబ్బాలు తగిలించుకున్న మనుషులు ఒక పక్క, నడుం మీద చేతులు పెట్టుకున్న పెద్దమ్మ ఒక పక్క. సగం నేల ఆకుతో కప్పేసి ఉంది.

"మొన్నేగా కాలింది తోట. మీరు మళ్ళీ ఇళ్ళ వెనక ఎండుటాకు పోస్తారా?" అన్నాడాయన. ఆ మాటలో తప్పేమీ లేదు, అదే మాకు భయం.

"గోడ పక్కన బారెడు వదిలేస్తాను, మీరన్నట్టే. ఆ బారెడులో మొలిచింది నేను పీకుతాను. డ్రమ్ముల్లో నీళ్ళు పెట్టించండి. ఎండాకాలం అంతా ఇక్కడ నేను కాపలా తిరుగుతాను."

"మేస్త్రి పని ఎవరు చూస్తారు మరి?"

పెద్దమ్మ కబుర్ల పెట్టె వైపు చూసింది. "అదుంది కదా. నోరు కూడా ఉంది. నాకు కాపలా పని ఇవ్వండి."

ఆయన ఆవిడ చేతుల వైపు చూశాడు. పూతమందు తెల్లగా పూసి, గుడ్డలు చుట్టి ఉన్నాయి. "ఈ ఒక్క వానాకాలం చూస్తాను. ఆకులోంచి కూడా మొలిచిందా, మందు కొట్టించేస్తా," అని డబ్బాల వాళ్ళని తీసుకుని వెళ్ళాడు.

ఆ వానాకాలం మాకు ఎలా గడిచిందో చెప్పలేను. వాన పడ్డప్పుడల్లా ఆకు కిందనుంచి టీ డికాక్షన్ రంగు నీళ్ళు కారేవి. తెరిపి ఇవ్వగానే పెద్దమ్మ వంగి, ఆకు ఎత్తి, కింద వెతికేది. ఆకు పల్చబడ్డ చోట కొన్ని మొలకలు లేచాయి. వాటి వేళ్ళు పొట్టిగా, మాడినట్టుగా ఉండి, వేలితో తీస్తే వచ్చేసేవి. ఆ నీళ్ళు పల్లానికి పారి అమ్మ చిక్కుడు పాదులు కూడా పసుపెక్కి చచ్చిపోయాయి. వయ్యారిభామా చిక్కుడూ ఆకుకి ఒకటే. అమ్మ ఎండిన తీగలు తెంపి పారేసింది. డాక్టరమ్మ వచ్చి మట్టి తీసుకెళ్ళింది. మేనేజరు రెండుసార్లు వచ్చి చూసి, మందు మాట ఎత్తకుండానే వెళ్ళాడు. పూత కాలంలో అమ్మకి కొన్ని చెడ్డ రోజులు వచ్చాయి. పీల్చే మందుతో గడిచిపోయాయి.

ఇప్పుడు ఎండలు మొదలైతే పెద్దమ్మ చీపురు బదులు కర్ర పట్టుకుని తిరుగుతుంది. తోటలోకి అగ్గిపెట్టెతో వచ్చినవాడి పని అయినట్టే. ఏ చెత్తని జీవితమంతా ఊడ్చిందో ఆ చెత్తని కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఆవిడ వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, కప్పు రెండు చేతులతో పట్టుకుంటుంది. ఇంటి లోపల మాత్రం మేం ఇప్పటికీ కాళ్ళు మంచం మీదకు ఎత్తుకోవాల్సిందే.

సాసర్ల సంగతి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ ఎత్తలేదు. మొన్న ఒక సాయంత్రం ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చున్నారు. నేను టీ తెచ్చిచ్చాను. చూసుకోలేదు గానీ కప్పుల కింద పెట్టినవి ఆ సాసర్లే. పెద్దమ్మ కప్పు మెట్టు మీద పెట్టి, సాసర్ని కాసేపు తిప్పి చూసింది.

"ఇంకోసారి నా కోసం ఏమైనా దాచావంటే ఊరుకోను," అంది తోట వైపు చూస్తూ.

"దాచనులే అక్కా."

"దాస్తావు. నాకు తెలియదా నీ సంగతి?"

"నువ్వు ఊడవడం మానావా, నేను దాచడం మానడానికి?" అని అమ్మ నవ్వింది. పెద్దగా, చాలాసేపు నవ్వింది. పెద్దమ్మ టీ తాగకుండా, ఆ నవ్వు చివర దగ్గు వస్తుందేమోనని చెవి అటే పెట్టుకుని కూర్చుంది. రాలేదు. అప్పుడు తాగింది.